మామ్మ బొటనవేలికి ఎర్ర ట్యాగ్

ఆ రోజుల్లో నా చేతికి కాస్త గ్రీజు అంటితే చాలు, సగం ఇంజనీర్నైపోయినట్టు నడిచేదాన్ని. ఆదిత్యపూర్‌లో ఓ చిన్న వర్క్‌షాపులో ఫిట్టర్ అప్రెంటిస్‌గా చేరి మూడు నెలలైంది. (నేర్చుకున్నదల్లా టీ ఎక్కడ బాగుంటుందో.) సరిగ్గా అప్పుడే భుయ్యాడీహ్‌లో మా మామ్మ పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. విరిగిన కీలు తీసేసి కొత్తది పెట్టారు. ఆపరేషన్ బాగానే జరిగింది. చిక్కంతా మా తాతతో వచ్చింది.

తాత నలభై ఏళ్ళు కార్ఖానాలో మెయింటెనెన్స్ చేసి రిటైరైన మనిషి. అక్కడ రిపేరులో ఉన్న మిషనుకి, ఎవరూ నడపకుండా ఎర్ర ట్యాగ్ కడతారు. కట్టినవాళ్ళే సంతకం పెట్టి విప్పాలి, మేనేజరైనా సరే ముట్టుకోకూడదు. మామ్మని వార్డులోకి తేగానే తాత జేబులోంచి ఓ ట్యాగ్ తీశాడు. "బేరింగ్ మార్చినారు కదే, డాక్టరు చెప్పేదాకా ఎవలూ కదపకూడదు. నువ్వే కట్టు, పని నేర్చుకో" అన్నాడు. నేను మహా గర్వంగా సంతకం చేసి మామ్మ కాలి బొటనవేలికి కట్టాను.

సాయంత్రం చూడ్డానికొచ్చిన పక్కింటి అత్త, దుప్పట్లోంచి బయటికొచ్చిన వేలినీ దానికి వేలాడుతున్న చీటీనీ చూసి, శవానికి కట్టేదనుకుని, "ఓలమ్మో, ఎల్లిపోనావా!" అని గుమ్మంలోనే శోకం మొదలెట్టింది. మామ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, "ఎవలే పోనారు?" అంటూ తనూ నాలుగు కన్నీళ్ళు కార్చింది.

మర్నాడు నేను డ్యూటీకి పోయాను. (కుట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయని పారిపోయాను, అదీ నిజం.) ఆస్పత్రిలో డాక్టరు, మామ్మ ఇవాళే లేచి నిలబడాలనీ, మంచం పట్టిందంటే మళ్ళీ నడవడం కష్టమనీ చెప్పారట. వాకర్ తెచ్చారు. తాత అడ్డం నిలబడ్డాడు. "ట్యాగ్ కట్టింది డ్యూటీకెల్లింది. అదొచ్చినాకే." నర్సు విసిగిపోయి కత్తెర తీస్తే ఈసారి మామ్మే ఆమె చెయ్యి పట్టుకుందట. "కొయ్యకు తల్లీ. ఆ రూలుండబట్టే నలబై ఏళ్ళు ఈ మనిషి సాయంత్రానికి ఇంటికొచ్చినాడు."

వర్క్‌షాపుకి ఫోనొచ్చింది. మామ్మ లేవట్లేదన్న ముక్క ఒక్కటే నా చెవిన పడింది. ఆటోలో ఖర్కాయి నది వంతెన దాటుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. నేను ముడి మరీ గట్టిగా వేసేశానేమో, అందుకే కాలు పడిపోయిందేమో అని కూడా అనుకున్నాను.

రొప్పుతూ వార్డులోకి వెళ్తే తాత పెన్ను చేతిలో పెట్టాడు. "ముందు సంతకం. తరవాత అందరూ క్లియరా అని అడుగు." సంతకం గీకి, "అందరూ క్లియరా?" అని అరిచాను. డాక్టరుతో సహా అందరూ ఓ అడుగు వెనక్కేశారు. ట్యాగ్ విప్పాను. మామ్మ పళ్ళు బిగించి, వాకర్ పట్టుకుని లేచింది. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది.

తాత చూడట్లేదు. గోడవైపు తిరిగి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. "సౌండేటైనా వత్తందా?" అన్నాడు గోడతో, బేరింగ్ మార్చిన మిషను నడిపి చూసేటప్పుడు అడిగినట్టే.

"వత్తంది, నీ నోటిదే. ఇటు తిరుగయ్యా, నడుత్తన్నాను!" అంది మామ్మ. ఏడుపు మొహంతోనే నేను కిసుక్కుమన్నాను.

ఇప్పుడామె బజారుకి ముందు నడుస్తుంది, తాత చెవి రిక్కించి వెనకాల నడుస్తాడు. నేనిప్పుడు అప్రెంటిస్‌లకి పని నేర్పుతున్నాను. ట్యాగ్ విప్పి స్విచ్చి వేసిన ప్రతిసారీ నాకు తెలియకుండానే గోడవైపు తిరిగిపోతాను. "సౌండేటైనా వత్తందా?" అని అడుగుతాను. పిల్లలు కిసుక్కుమంటారు. నవ్వుకోండర్రా, ఆ రోజు నేనూ నవ్వినదాన్నే.