రెండుసార్లు చచ్చిన రోగి

నేను చావడానికి వెళ్ళి బతికొచ్చిన వైనం చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. పోవలసిన పరువు ఆనాడే పోయింది.

డెబ్బైల చివర్లో నేను ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాని. సాయంత్రాలు నాటకాలు. చావు సీనంటే నాదే. పద్యం పాడి చస్తే జనం "వన్స్ మోర్!" అనేవారు. లేచి, పంచె సర్దుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవాణ్ణి. మన నాటకాల్లో అది మర్యాద కదా!

రాజమండ్రి నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే సుగుణమ్మగారు ఓరోజు నన్ను పిలిపించారు.

"పిల్లలు నేర్చుకోడానికి రోగిలా పడుకోబెట్టే మా బొమ్మ మూలగదండి. పరీక్షకి మీరు రోగిగా పడుకోవాలి. ఉత్త కడుపునొప్పి, మూలిగితే చాలండి."

ఉత్త మూలుగుకి నేనెందుకండీ, మీరే చెప్పండి!

పరీక్ష ధనలక్ష్మికి. చేపలమ్మే తల్లి చదివిస్తున్న పిల్ల. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాని చేపల గంప ఎత్తుకోవాల్సిందే.

ఆ పిల్ల "నొప్పి ఎక్కడండి?" అనగానే నేను పద్యం ఎత్తుకుని చచ్చిపోయాను. వెనక పిల్లలు "వన్స్ మోర్!" అన్నారు. లేచి మళ్ళీ చచ్చాను. సుగుణమ్మగారు తల పట్టుకున్నారు.

ధనలక్ష్మి మాత్రం నవ్వలేదు. నా చేతికి పట్టీ చుట్టి, "బి.పి. చాలా ఎక్కువుందండి" అంది.

పరీక్ష పెట్టే డాక్టరుగారు నా రోగి వేషానికి రాసిపెట్టిన కేసు కాగితం చూశారు. "ఇందులో నార్మల్ అనుందే! ఏమండీ, మీకు బి.పి. ఉందా?"

"నాకా? ఈ ఒంటికి జలుబైనా రాదండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చూడటం రాక నా ఒళ్ళు ఓడంటోందీ అమ్మాయి!"

ఆ మాటకి ఇప్పటికీ చెంపలేసుకుంటాను. డాక్టరుగారు తప్పిందని రాయడానికి మార్కుల కాగితం మీద పెన్ను పెట్టేశారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు. అయినా పట్టీ వదల్లేదు.

"వన్స్ మోర్ అండి," అంది ఆయనతో. "ఈసారి మీరే చూడండి."

అరగంట కదలనివ్వకుండా పడుకోబెట్టి ఆయనే చూశారు. ముఖం మారిపోయింది.

"తలనొప్పి వస్తుంటుందా?"

"రోజూనండి. ముఖానికి రంగు పడక అనుకున్నాను."

అట్నుంచటే ఆసుపత్రిలో చేర్చారు. చూడటానికొచ్చిన నాటకం మిత్రులు అదీ నటనే అనుకుని చప్పట్లు కొట్టి వెళ్ళారు. ధనలక్ష్మి పాసయింది. ఆ తర్వాత నేను తిన్న ప్రతి ముద్దా ఆ పిల్ల పెట్టిన భిక్షే.

అందుకే గోదారమ్మ సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇక మీదట చస్తే ఒక్కసారే చస్తాను. ఎవరెంత గోల పెట్టినా వన్స్ మోర్ లేదు.