ఏడు మీటర్లు తగ్గిన చెట్టు

ఊళ్లో సగం మేడలకు ఆయనే లిఫ్టు మెకానిక్కు. అందుకని అందరికీ ఆయన లిఫ్టాయనే. వారమంతా చీకటి గొట్టాల్లాంటి సందుల్లో ఇనుప తాళ్లకు గ్రీజు పూస్తూ గడిపే మనిషికి, ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు. భార్యను వెంటబెట్టుకుని అడవి దారి పట్టేవాడు. పెద్ద చెట్లను వెతకడం, కొలవడం, నోటుపుస్తకంలో రాసుకోవడం ఆ ఇద్దరికీ పిచ్చి.

ఆవిడ బడిలో లెక్కల టీచరు. మొదలు చుట్టూ టేపు చుట్టడం ఆయన వంతు. దూరంగా నిలబడి, కోణం చూసే చిన్న పరికరాన్ని కంటికి ఆనించి, ఎత్తు లెక్కగట్టడం ఆవిడ వంతు.

ఒకసారి వాగు వెంబడి మూడు గంటలు నడిచాక వాళ్లకో చెట్టు కనబడింది. చుట్టుకొలత పదకొండు మీటర్లు. ఆవిడ మూడుసార్లు కోణం చూసి, చెట్టు మొదట్లోనే కూర్చుని లెక్క వేసింది. డెబ్బై ఒక్క మీటర్లు. సంగతి అటవీ ఆఫీసుకు రాశారు. రేంజరు వచ్చి చూసి మురిసిపోయి, 'ఈ అడవిలోకెల్లా ఎత్తైన చెట్టు' అని బోర్డు పాతించాడు.

ఇక జనం రావడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి అక్కడికి బాట పడింది. వేళ్ల మీది మట్టి తొక్కుడుకు గచ్చులా బిగుసుకుపోయింది. అది చూసినప్పుడల్లా లిఫ్టాయనకు మనసు చివుక్కుమనేది, కానీ ఆ చెట్టు తమదేనన్న గర్వమూ లోపల ఉండేది.

ఆ చెట్టు చివరిదాకా ఎక్కాలని ఆయన కోరిక. రేంజరు అనుమతి ఇచ్చాడు. సన్నటి తాడుకు బరువు కట్టి మొదటి కొమ్మ మీదుగా విసిరి, నడుముకు పట్టీ బిగించుకుని, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి చిటారుకు చేరాడు. అక్కణ్ణించి టేపు కిందికి వదిలాడు. నేల మీద ఆవిడ కొస పట్టుకుంది. మళ్లీ వదిలాడు, మళ్లీ చూశాడు.

దిగి వచ్చాక కాసేపు నీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

"ఎంత వచ్చిందండీ?"

"అరవై నాలుగు."

"సరిగ్గా చూశారా?"

"మూడుసార్లు చూశాను. ఓ కొమ్మ మనం నిలబడ్డ వైపుకి బాగా వాలి ఉంది. దాని కొసనే మనం చిటారనుకున్నాం. దగ్గరికి వంగింది కాబట్టి ఎత్తుగా కనబడింది."

ఆవిడ నోటుపుస్తకం తెరిచి తన లెక్కనే చాలాసేపు చూసుకుంది. "అయితే నా లెక్క తప్పు."

"లెక్క తప్పు కాదు. మన చూపు తప్పు."

"మా పిల్లలు ఇలా చెబితే ఒక్క మార్కు కూడా వెయ్యను" అంది. నవ్వుతూనే డెబ్బై ఒకటి కొట్టేసి పక్కన అరవై నాలుగు వేసింది.

మర్నాడు ఇద్దరూ రేంజరు దగ్గరికి వెళ్లారు.

"మళ్లీ కొలవమని మిమ్మల్నెవరు అడిగారండీ?" అన్నాడాయన. "పై ఆఫీసరు కూడా వచ్చి ఫొటో దిగి వెళ్లాడు. చూసీ చూడనట్టు వదిలెయ్యండి."

"ఏడుగురిని మోసే లిఫ్టు మీద ఎనిమిదని రాయలేను సార్" అన్నాడు లిఫ్టాయన. "ఇదీ అంతే."

కొలతలు సరిచేస్తూ ఆవిడే స్వదస్తూరితో అటవీ ఆఫీసుకు ఉత్తరం రాసి, పొరపాటు తనదేనని కింద సంతకం పెట్టింది. ఆయన తన సంతకమూ పక్కన పెట్టాడు.

నెలన్నర దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత బోర్డు పీకేశారు. రెండు కొండల అవతల ఇంకెవరో కొలిచిన చెట్టుకు ఆ పేరు దక్కింది. జనం అటు మళ్లారు. వానలు పడ్డాక బాట మీద గడ్డి లేచింది. వేళ్ల దగ్గర మట్టి వేలు పెడితే దిగేంత మెత్తబడింది.

ఆవిడ మాత్రం ఒక పట్టు పట్టింది. "ఈసారి నా కళ్లతో పైనుంచి చూడాలి. నాకు ఎక్కడం నేర్పండి."

యాభై రెండేళ్ల మనిషి. ఆయన వద్దనలేదు. నాలుగు నెలలు పెరట్లో దూలానికి తాడు కట్టి నేర్పించాడు. ఆ చలికాలంలో ఓ ఆదివారం ఆవిడ ఆ చెట్టు మొదటి కొమ్మ దాకా, ఇరవై మీటర్లు, తనంతట తానే ఎక్కింది. ఎక్కి, కాళ్లు వేలాడేసి కూర్చుంది.

గంట గడిచింది. కింద తాడు పట్టుకున్న ఆయనకు మెడ పట్టేసింది. "దిగుతావా?" అని అడిగాడు.

"ఉండండి. తొందరేముంది?" అంది పైనుంచి.