పై అధికారి లేని చోటికి మూడు రిమైండర్లు

రెండువేల దశకం మొదట్లో హిందూపురంలోని ఒక కళాశాల కంప్యూటర్ గదికి నేను బాధ్యుణ్ణి. ఒకే ఇంటర్నెట్ లైనును గదంతటికీ పంచే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పట్టుబట్టి పెట్టించాను. అది రోజూ ఆగిపోయేది.

"ఏం సార్, ఊరికే వచ్చింది మళ్లా పండుకొనుండాదే! పెరికేద్దామా?" అని ప్రిన్సిపాల్ అందరి ముందూ నవ్వేవారు.

ఊళ్లో అలాంటి సాఫ్ట్‌వేర్ బాగుచేయడం తెలిసినవారు లేరు. తయారీదారులకు ఈమెయిల్‌లో ఫిర్యాదు చేశాను. జవాబు లేదు. రెండు రిమైండర్లు పంపాను. మూడో రిమైండర్‌లో బాధ్యుడెవరో, ఆయన పై అధికారి ఎవరో తెలపాలని నిలదీశాను.

మరునాడు జవాబొచ్చింది: "ఇక్కడ అధికారులు లేరండీ. ఉద్యోగం నుంచి వచ్చాక ఇంట్లో నేనొక్కణ్ణే దీన్ని రాస్తాను. ఎప్పుడెప్పుడు ఆగిందో చెప్పగలరా?"

సిగ్గుపడుతూ నా పుస్తకం తీశాను. ఆగిన ప్రతి సమయమూ, అప్పుడు నడుస్తున్న కంప్యూటర్ల సంఖ్యా అందులో ఉన్నాయి. విచారణ జరిగితే చూపాలని దాచుకున్నానే తప్ప, ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

అన్నీ టైపు చేసి పంపాను. వారంలో అతనికి లోపం దొరికింది, సరిచేశాడు; లైను ఆగకుండా నడిచింది. ప్రిన్సిపాల్‌తో చెప్పబోతే, "ఆడుతాండాది కదా, ఇంకేం సార్!" అని ఫైలు తిప్పారు.

ఆనాటి నా సంతోషం అర్థమయ్యే మనిషి ఒక్కడే ఉన్నాడు. నేను కసిరింది అతణ్ణే.