దారి మీద పరిచిన కొమ్మలు

“ఆ డ్రైవరు బండితో సహా మాయమైపోయాడేమో బాబాయ్. తెల్లారినప్పట్నుంచీ ఫోను మోగడం కూడా లేదు.”

ఆ మాట అంటూనే తుసెకిలె వీపున కట్టుకున్న బిడ్డ ఇప్యానాను ముందుకు తిప్పుకుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. భయం వేసినప్పుడల్లా ఆమె చేసే పని అదే.

ఆమె బాబాయ్ అంటున్నది గ్వాకీసాని. ఉయోలె కూడలిలో, పెట్రోలు బంకు పక్కన, రేకుల చూరు కింది చెక్కబల్ల మీద కూర్చుని ఆయన ఏళ్ల తరబడి లారీలకు లోడ్లు కుదురుస్తున్నాడు. అంతకుముందు క్లీనరుగా తిరిగేవాడు. జారిపడ్డ సంచుల కింద ఎడమకాలు నలగడంతో దారి వదిలి ఈ బల్ల మీదికి చేరాడు. కొండల్లో తవ్విన బంగాళాదుంపలు దార్ ఎస్ సలామ్ బజారుకు వెళ్ళాలి. సరిహద్దు దాటి జాంబియాలో సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే బళ్ళకు లోడు కావాలి. ఈ రెంటినీ కలపడమే దళారి పని. చెప్పడానికి ఇంతే. కుదిరిన లోడును పక్కవాడు ఎగరేసుకుపోతాడు. రైతు సంచి మూతి మీద గోపురంలా ఇంకో అరసంచి దుంపలు పేర్చి, తాడుతో అల్లి, అదంతా ఒక సంచేనంటాడు. డ్రైవరు సగం దారిలో మాట మారుస్తాడు. దుంపలు కుళ్ళితే అందరూ దళారినే తిడతారు. ఇవన్నీ గ్వాకీసా గొంతు పెంచకుండా నెట్టుకొచ్చాడు. అల్లిన సంచులను విప్పించాకే బండి ఎక్కించేవాడు. రైతులు తిట్టుకుంటూ వెళ్ళి, మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఆయనకో చాదస్తం ఉంది. కిరాయి మాట ఎత్తకముందే డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకుని, కాల్చిన మొక్కజొన్న పొత్తు సగం విరిచి ఇచ్చి, ఇంట్లో ఎవరున్నారు, వాళ్ళ నంబరేమిటి అని అడిగేవాడు.

“నా పెళ్ళాం నంబరు నీకెందుకు ముసలోడా? ఎత్తుకుపోదామనా?” అని డ్రైవర్లు ఆటపట్టించేవారు.

“ఈ కాలుతో ఎంత దూరం ఎత్తుకుపోతాను గానీ, చెప్పు,” అనేవాడు.

తుసెకిలె రసాయనశాస్త్రం చదివింది. టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూసి చూసి, బిడ్డ పుట్టాక ఇక ఆగలేక, అమ్మ తరఫు దూరపు చుట్టమైన ఈయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. బరువులు, దారులు, దుంపలు ఎన్నాళ్ళు నిలుస్తాయన్నది త్వరగానే పట్టుబడ్డాయి. మొక్కజొన్న పొత్తు వ్యవహారం మాత్రం ముసలాయన కబుర్ల సరదా అనుకుంది. పైగా నిన్న ఆమె సొంతంగా కుదిర్చిన మొదటి బండి దగ్గర కబుర్లకు తీరిక లేదు. పక్క బల్ల దళారి ఆ డ్రైవరు మీద కన్నేసి ఉన్నాడు. ఆ డ్రైవరు పేరు అంబకీసె. క్లీనరు రాకపోయినా ఒక్కణ్ణే వెళ్తానన్నాడు. ఆమె అతని ఫొటో తీసుకుంది, లైసెన్సు, బండి నంబరు సరిచూసుకుంది. ఇంటి నంబరు అడగలేదు.

ఇప్పుడు సరుకు కొన్న షాని వాళ్ళమ్మ దార్ నుంచి ఫోను మీద ఫోను చేస్తోంది. డ్రైవరు దుంపలు దారిలోనే అమ్ముకున్నాడట. తుసెకిలెకూ అందులో వాటా ఉందట.

“ఫొటో అందరికీ పంపేస్తాను బాబాయ్,” అంది తుసెకిలె.

ఉయోలె దళారులకు అదొక అలవాటు. బండి పలకకపోతే డ్రైవరు ముఖం, బండి నంబరు, కింద ‘దొంగ’ అన్న మాట అందరి ఫోన్లకూ పంపుతారు. దారి పొడుగునా ఉన్న బంకులకూ డ్రైవర్లకూ అది పాకిపోతుంది.

“ఆగు, ఇప్యానా వాళ్ళమ్మా. రుంగ్వే వైపు మనిషన్నావుగా. ముందు ఇల్లెక్కడో కనుక్కుందాం.”

“ఇల్లు కనుక్కునేలోపు దుంపలన్నీ అమ్మేస్తాడు.”

ఆయన కర్ర అందుకుని కుంటుకుంటూ బంకు వైపు వెళ్ళాడు. అంతలో షాని వాళ్ళమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి పోలీసుల పేరెత్తింది. తుసెకిలె బిడ్డ వైపు చూసింది. ఫొటో పంపేసింది.

బంకు దగ్గర అంబకీసె ఇల్లు ఎవరికీ తెలియకపోవడంతో, గ్వాకీసా దార్ వైపు నుంచి వచ్చిన ప్రతి బండి దగ్గరికీ వెళ్ళాడు. దొంగను చూశారా అని అడగలేదు, దారి మీద కొమ్మలు చూశారా అని అడిగాడు. బండి మొరాయిస్తే వెనక వచ్చేవాళ్ళు గుద్దకుండా దారి మీద పచ్చికొమ్మలు విరిచి పరుస్తారు. పారిపోయేవాడు ఆ పని చెయ్యడు. పొద్దు వాలుతుండగా సిమెంటు లారీ డ్రైవరొకడు నీళ్ళు నములుతూ చెప్పాడు. దార్ వెళ్ళే దారిలో, మఫింగా దగ్గర పైన్ అడవిలో ఆ బండి ఉంది. దారి పక్కకు ఒద్దికగా ఆపి ఉంది. చక్రాల కింద రాళ్ళు, వెనక పైన్ కొమ్మలు.

“దిగి చూడలేదా?”

“దిగుదామనే బండి ఆపబోయాను. అప్పుడే ఫొటో వచ్చింది, అదే నంబరు. దొంగబండి దగ్గర నిలబడితే పోలీసులు నన్నూ లోపలేస్తారు కదా పెద్దాయనా. నా ముందు పోయినవాళ్ళు కూడా ఆగలేదు.”

గ్వాకీసా మఫింగాలో తెలిసిన దళారికి ఫోను చేశాడు. అతను మోటారు సైకిలు మీద వెళ్ళి, అద్దం పగలగొట్టి తలుపు తీశాడు. అంబకీసె సీట్లో పక్కకు ఒరిగి ఉన్నాడు. ఊపిరి ఉంది. ఆసుపత్రికి చేర్చారు గానీ, చీకటి పడేలోపే పోయాడు. లోడులో ఒక్క సంచి కదల్లేదు. మర్నాడు వేరే డ్రైవరు బండిని దార్ చేర్చాడు. సరుకు ముట్టిందని షాని వాళ్ళమ్మ కబురు పెట్టింది.

పరామర్శకు తుసెకిలె రానంది. “ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావు బాబాయ్?”

“ఉన్న ముఖంతోనే రా,” అన్నాడాయన.

రుంగ్వే కొండవాలులో, ఇంటి పక్క అరటితోటలో, సమాధి మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పెద్ద గిన్నెల్లో అరటికాయలు ఉడికిస్తున్నారు. గ్వాకీసా మగవాళ్ళ వైపు వెళ్ళకుండా తుసెకిలెతో పాటు ఆడవాళ్ళ చాప అంచునే కూలబడ్డాడు.

“ఆ లోడు కుదిర్చింది ఈ అమ్మాయి. పని నేర్పింది నేను,” అని అంబకీసె భార్య సుబిలాగకు చెప్పాడు.

ఆమె చూపు తుసెకిలె ఒళ్ళోని బిడ్డ మీదికి పోయింది.

“ఆ ఫొటో మా పొరుగింటావిడకి కూడా వచ్చిందట,” అంది. “నాకు చూపించలేక దాచేసింది. ఆయనకి షుగరు. సూది వేసుకునేవాడు. ఓనరుకి తెలిస్తే బండి దించేస్తాడని ఎవరికీ చెప్పలేదు. ఇదివరకోసారి ఇలాగే పడిపోతే చిగుళ్ళకి చక్కెర రాశాను. లేచి కూర్చుని, ఇంకొంచెం పెట్టవే అని నవ్వాడు. మీలో ఎవరైనా నన్ను అడిగుంటే చెప్పేదాన్ని.”

ఇన్సులిన్ సూదితో రక్తంలో చక్కెర మరీ పడిపోతే మెదడుకు ఏమవుతుందో తుసెకిలె చదువుకుంది. పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. కళ్ళు మసకబారుతుంటే అతను బండి దిగి రాళ్ళు వెతికి ఉంటాడు. చెయ్యి వణుకుతుంటే కొమ్మలు విరిచి ఉంటాడు. మిగిలిన కాస్త తెలివీ వెనక వచ్చేవాళ్ళ కోసం ఖర్చుపెట్టాడు. ఆ వచ్చినవాళ్ళు కొమ్మలు తప్పించుకుని వెళ్ళిపోయారు.

“నేనే…” అని ఏదో చెప్పబోయింది. సుబిలాగ వినిపించుకోలేదు. బిడ్డ కాలి మేజోడు జారిపోతుంటే పైకి లాగి సరిచేసింది. క్షమించానని అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు కిక్కిరిసిన వ్యానులో తుసెకిలె ఈ పని మానేస్తానంది. గ్వాకీసా మానెయ్యమనలేదు, చెయ్యమనీ అనలేదు. కిటికీలోంచి తేయాకు తోటలు చూస్తూ కూర్చున్నాడు. దిగబోయే ముందు నాలుగు మాటలు చెప్పాడు, అంతే.

ఆ వానాకాలంతో కాలు పూర్తిగా పట్టేసి, గ్వాకీసా ఇల్లు కదలడం లేదు. బల్ల మీద ఇప్పుడు తుసెకిలె ఒక్కతే కూర్చుంటుంది. డ్రైవర్లు ఎంత తొందరపడినా, పక్క బల్లవాడు ఎన్ని సైగలు చేసినా, ముందు మొక్కజొన్న పొత్తు విరుస్తుంది. ఒంట్లో షుగరు ఉందా, బీపీ ఉందా అని అడుగుతుంటే, డాక్టరమ్మా అని వాళ్ళు నవ్వుతారు. రెండు లోడ్లు అలా చేజారిపోయాయి కూడా. ఏ బండి పలకకపోయినా ఆమె చెయ్యి ముందు బిడ్డ ముక్కు దగ్గరికి పోతుంది, తర్వాతే ఫోను మీదికి. అప్పుడు వ్యానులో ఆయన అన్న మాటలే మళ్ళీ వినిపిస్తాయి.

“కిరాయి తర్వాత మాట్లాడుకో, ముందు ఇంట్లో ఎవరున్నారో అడుగు. బండి పలకకపోతే మొదటి ఫోను ఆ ఇంటికే చెయ్యి. సరుకెక్కడని అడక్కు తల్లీ. ఆయన ఒంట్లో ఎలా ఉంటోందని అడుగు.”