మాడిన చెక్క

నోయిడా మెట్రోలో కూర్చున్నాను. ఒళ్లో ఒక టేకు పలక. కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసే చిన్న సీఎన్‌సీ మిషన్ ఒకటి కొని, దాంతో ఈ పలక మీద మా అమ్మాయి పేరు చెక్కబోయాను. అక్షరాల అంచులన్నీ నల్లగా మాడిపోయాయి. అలా పాడైన పలకల్లో అది మూడోది.

పక్క సీటు పెద్దాయన ఆ తెలుగు అక్షరాలు చూసి, "ఏదీ, ఇలా ఇవ్వండి బాబూ" అని పలక తీసుకుని వాసన చూశారు.

"భయపడి మెల్లగా నడిపారా?"

"అవునండీ, మిషన్‌లో చెక్కే బిట్ విరుగుతుందేమోనని."

"ఒకేచోట తిరిగితే మాడుద్ది మరి. ముందుకి పోనివ్వాలి."

ఢిల్లీలో ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో నలభై ఏళ్లు వడ్రంగం చేశారట.

"ఇప్పుడు మానేశారా?" అన్నాను.

ఆయన పలక తిరిగి ఇవ్వబోయారు. అది ఆయన చేతిలో వణుకుతోంది.

"మీ మిషన్‌కి చెయ్యి వణకదు కదా?"

"వణకదండీ."

"అచ్ఛా" అని పలక నా ఒళ్లో పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నారు. రెండూ వణికాయి.

నా స్టేషన్ వచ్చింది. పలక పట్టుకుని దిగిపోయాను.

నాలుగో పలక మాడలేదు. కానీ మిషన్ కోస్తున్నంతసేపూ నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.