కన్ను నలపని ప్రమోదిని

జీడిపప్పు తినేవాళ్ళకి జీడి రసం సంగతి తెలియదు. పిక్క కోస్తే కారే ఆ నల్లటి నూనె ఒంటికి తగిలిందా, బొబ్బెక్కడమే. కంచిలి నుంచి పలాస కోడలిగా వచ్చిన ప్రమోదిని ఎనిమిదేళ్ళు జీడి ఫ్యాక్టరీలో ఆ పిక్కలే కోసింది. చేతులకి బూడిద రాసుకుని కూర్చునేది. కన్ను ఎంత దురదపెట్టినా పళ్ళు బిగబట్టి ఊరుకునేది. ఆ తరవాత ఆమెని బాయిలరు దగ్గర వైకుంఠరావుకి సాయంగా వేశారు.

కోతకి ముందు పిక్కల్ని ఆవిరి మీద ఉడికించాలి. కాస్త ఎక్కువైతే పప్పు నల్లబడుతుంది. ముసలి వైకుంఠరావు ఆ కిటుకంతా దాపరికం లేకుండా ఆమెకి నేర్పాడు. ఈ దసరాకి ఆయన పని మానేస్తున్నాడు. ఆ చోటు తనకే రావాలని ప్రమోదినికి ఆశ. ఆశేమిటి, పంతం! అడ్డం వచ్చిందల్లా ముక్కు మీది కళ్ళజోడు. సైటు మైనస్ ఆరు. ఆవిరి లేస్తే అద్దాలు తెల్లబడతాయి, తీసేస్తే మీటరు ముల్లు కనబడదు. ఒకరోజు అద్దాలు తుడుచుకునేలోగా లోడు మొత్తం మాడిపోయింది.

యజమాని నారాయణరావు మొహమాటం లేని మనిషి. "పని నీకొచ్చు, నాను కాదన్ను. ఆవిరొత్తే గుడ్డిదానివైపోతన్నావు కదేటి? దసరాకి బయట మనిషిని తెత్తాను" అనేశాడు.

ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

వారం తిరక్కుండానే నారాయణరావు కూతురు బిందుమాధవి, కళ్ళజోడు వదిలించుకోడానికి లేజరు చేయించుకుంటానని విశాఖపట్నం ప్రయాణం కట్టింది. తోడుకి ఆడమనిషి కావాలి. ప్రమోదిని ముందుకొచ్చింది. ఊరికే రాలేదు, మొన్న పాడుకున్న చిట్టీ డబ్బు సంచీ అడుగున పెట్టుకుని మరీ రైలెక్కింది. మొగుడు కూర్మారావుకి తప్ప ఆ మాట ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో ప్రమోదిని తన పేరు కూడా రాయించేసరికి బిందుమాధవి తెల్లబోయింది. "నువ్వు కూడానా అక్కా?"

"సూపించుకుంటే తప్పేటమ్మా? కుదిరితే కుదురుతాది, లేకపోతే లేదు" అంది ప్రమోదిని, సంచీ దగ్గరికి లాక్కుంటూ.

డాక్టరు లావణ్య ఇద్దరి కళ్ళ ముందు పొరకీ యంత్రం మీద పటాలు తీయించింది. లేజరు అందరికీ ఒకేలా పెట్టరట. దర్జీ ఒంటి కొలతలు తీసి జాకెట్టు కుట్టినట్టు, ఎవరి కంటి ఎగుడుదిగుళ్ళు వాళ్ళవి చూసి, దాన్నిబట్టే పొరని చెక్కుతారట. ముందు బిందుమాధవి పటం చూసి డాక్టరు మొహం మారింది.

"కళ్ళు బాగా నలుపుతావా అమ్మా?"

"చిన్నప్పటి నుంచీ... దురద, ఎలర్జీ."

"ముందు పొర పలచబడి ఉబ్బుతోంది. నీకు లేజరు పెట్టకూడదు. అది ముదరకుండా వైద్యం ఉంది, చేద్దాం. ఇవాళ్టి నుంచి నలపడం మానెయ్యాలి."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి సగంలో ఆపేసింది. డాక్టరు రెండో పటం అందుకుని, "ఈవిడ కన్ను మాత్రం చక్కగా ఉంది. పొర మందంగా, సమంగా ఉంది. మీరెప్పుడూ నలపలేదా?" అంది.

"జీడి సేత్తో కన్ను ముట్టుకుంటే ఇంకేటి మిగుల్తాదమ్మా!"

డాక్టరు పగలబడి నవ్వింది. ప్రమోదినికి నవ్వు రాలేదు. యజమాని కూతురికి కానిది తనకి మాత్రం చెయ్యమని ఎలా అడగడం? పక్కకి తిరిగి, "పోదామమ్మా, ఊరెళిపోదాం" అంది.

బిందుమాధవి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు కుదరకపోతే నువ్వు మానేస్తావా? చాల్లే. నడు లోపలికి."

ఇంతా చేస్తే పావుగంట పని. ఎర్రటి చుక్క కేసి చూడమన్నారు, చూసింది. కాస్త మాడు వాసన వేస్తే మాత్రం, "ఇక్కడ కూడా లోడు మాడిపోనాదేటి?" అని అడిగేసింది. కదలకుండా ఉండమని డాక్టరు కసిరింది.

మర్నాడు తెల్లవారి లాడ్జి కిటికీ తెరిస్తే, ఎదురు మేడ మీద ఆరేసిన చీర అంచున నెమలి పింఛాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. వాటిని ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ అక్కడే కూర్చుండిపోయింది. తోడుగా తీసుకొచ్చిన మనిషికి బిందుమాధవే గంటగంటకీ చుక్కల మందు వేసింది.

నెల రోజులు ఆవిరికీ దుమ్ముకీ దూరంగా ఉండమన్నారు. ప్రమోదిని ఒక్క పూట కూడా తప్పలేదు. దసరా ఇంక పదిరోజులుందనగా, డాక్టరు సరేనన్న మర్నాడే, చీర కొంగు బిగించి బాయిలరు ముందు నిలబడింది. వైకుంఠరావు స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. సంగతి తెలిసి నారాయణరావు పరుగున వచ్చాడు.

అప్పుడే ఆవిరి భుస్సుమని లేచి షెడ్డంతా కమ్మేసింది. నారాయణరావు కళ్ళజోడు తెల్లబడింది. ఆయన దాన్ని తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ, "ఏయ్, ముల్లెక్కడుందే? ఎవులైనా సూత్తన్నారా?" అని కేకపెట్టాడు.

"సూత్తన్నాను బాబూ. ఇంకో గీత ఉంది... అయిపోనాది!"

చక్రం తిప్పి ఆవిరి కట్టేసింది. చల్లారిన పిక్కల్లో ఒకదాన్ని వైకుంఠరావు కోసి, పప్పు యజమాని అరచేతిలో పెట్టాడు. పాలలా తెల్లగా ఉంది. నారాయణరావు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరే, ఇంకెవుల్నీ తేనులే. దసరా నుంచి బాయిలరు నీదే."

"దసరా దాకా ఎందుకు బాబూ, రెండో లోడు ఎక్కించేసినాను" అంది ప్రమోదిని, మీటరు మీద నుంచి చూపు తిప్పకుండా. "తవరు కాస్త అవతల నిలబడండి, ఆవిరొదులుతాను."

నారాయణరావు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.