కన్నడం పిల్ల

నాకు కన్నడం చదవడం ఎప్పుడూ రాలేదని ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

మా నాయన హిందూపురం బెల్లం మండీలో పనికి కుదిరినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అంతకుముందు మడకశిర అవతల, కన్నడం బడి ఉన్న పల్లెలో ఉండేవాళ్లం. ఇక్కడ మూడో తరగతిలో చేర్చారు. మొదటిరోజే వాచకం ఇచ్చి చదవమంటే ‘వాన’ను ‘పాన’ అన్నాను. క్లాసంతా నవ్వింది. అయ్యవారు మాత్రం, “నగద్దండప్పా. కన్నడం బడినుంచి వచ్చిన పిల్ల. కండ్లలో ఇంకా ఆ అక్షరాలే ఆడతాండాయి” అన్నారు.

ఆ మాట చాటునే రెండేళ్లు గడిపాను. నిజానికి కన్నడం బడిలోనూ నా పని అంతే. విడిగా చూపిస్తే అక్షరం గుర్తుపట్టేదాన్ని, మాటలో కలిస్తే తప్పిపోయేది. ఇంకొకరు చదువుతుంటే విని పాఠం కంఠతా పట్టి, పుస్తకం ముందు పెట్టుకుని అప్పజెప్పేదాన్ని. ఎవరితోనైనా స్నేహం చేస్తే కలిసి చదువుకుందాం అంటారేమోనని భయం. మధ్యాహ్నం నీళ్లతొట్టి వెనక ఒక్కదాన్నే కూర్చుని అన్నం తినేదాన్ని.

ఐదో తరగతి మొదట్లోనే నాయన తేల్చేశాడు. “ఈ తూరి ఫెయిలైతే బడి చాలు పాపా. ఇంట్లో అమ్మకు తోడుగా ఉందువు.”

ఆ ఏడు కొత్తగా ఒక పంతులమ్మ వచ్చారు. నేను కన్నడం బడినుంచి వచ్చానని విని, ముచ్చటపడి, ఎక్కడినుంచో కన్నడం కథల పుస్తకం తెచ్చారు.

“రా తల్లీ, నీ అక్షరాలే. చదువు, మేమూ వింటాం.”

పుస్తకం తెరిచి నిలబడ్డాను. వెనకనుంచి ఒక పిల్ల, “ఏమ్మే, కన్నడం గూడా మింగేసినావా?” అంది. మళ్లీ నవ్వులు. పంతులమ్మ నా ముఖం చూశారు. తర్వాత మొదటి అక్షరం మీదే ఆగిపోయిన నా వేలు చూశారు. పుస్తకం మెల్లగా తీసుకుని, “బిడ్డకు గొంతు బాగలేదు. కూచో” అన్నారు.

సాయంత్రం బడి పక్కనున్న తమ గదికి పిలిచారు. ఏమీ అడగలేదు. చాటలో రాగిపిండి పరిచి, కళ్లు మూసుకుని, పైకి పలుకుతూ వేలితో రాయమన్నారు. ‘ప’కు తలకట్టు పెట్టాలంటే వేలు ఎత్తాలి, ‘వ’కు ఎత్తక్కర్లేదు. కంటికి దొరకని తేడా వేలికి దొరికింది. తర్వాత పాత అట్టకు చిన్న కిటికీ కోసి ఇచ్చారు. పుస్తకం మీద పెడితే అందులో ఒక్క మాటే కనిపిస్తుంది.

పరీక్షలో అందరికన్నా ఆలస్యంగా ముగించాను. పాసయ్యాను. నాయన సంబరపడి, “కన్నడం వదిలినట్లుండాదే!” అన్నాడు.

ఇప్పటికీ తలుపు వేసుకుని, ఆ అట్ట పెట్టుకునే పుస్తకాలు చదువుతాను. అడుగుల చప్పుడైతే అట్ట దాచేస్తాను. ఏదైనా చీటీ చదువుతూ తడబడితే, “కన్నడం పిల్ల కదా” అంటుంది పక్కింటామె. నేను తల ఊపుతాను. ఊపిన ప్రతిసారీ స్టేషను గుర్తొస్తుంది.

నేను ఐదు పాసైన ఆ వేసవిలోనే పంతులమ్మకు పెనుకొండకు బదిలీ అయింది. సాగనంపడానికి స్టేషనుకు వెళ్లాను. రైలు కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. రైలు కదులుతుంటే ఆమె వంగి, నా వేళ్లు విడిపిస్తూ అన్నారు:

“ఎవురన్నా అడిగితే కన్నడం పిల్లనని చెప్పొద్దు తల్లీ. నాకు చదవడం నిదానంగా వస్తాదని చెప్పు.”